నాలుగేళ్ళు వెనక్కి చూసే రూలు

2025 మార్చిలో ఓ ఆదివారం పొద్దున మా అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరికొచ్చింది. తెలంగాణ ఎంసెట్ దరఖాస్తు నింపుతోంది. (పేరు ఎప్పుడో ఈఏపీసెట్ అని మార్చారు కానీ మా ఇంట్లో ఇంకా ఎంసెట్టే.)

"నాన్నా, ఇక్కడ లోకల్ ఏరియా అని అడుగుతున్నారు, ఏం పెట్టమంటావ్?"

"ఉస్మానియా పెట్టు" అన్నాను పేపర్లోంచి తలెత్తకుండా. హైదరాబాదులో ఉంటున్నాం, హైదరాబాదులో కాలేజీ, ఇంకేం పెడతాం?

ఐదు నిమిషాల్లో మళ్ళీ వచ్చింది. "ఆరో తరగతి నుంచి ఏ యేడు ఎక్కడ చదివానో రాయాలి. ఐదేళ్ళు బెంగుళూరు, రెండేళ్ళు హైదరాబాదు. ఇలాగైతే నేను లోకల్ కాదు నాన్నా."

అప్పుడు తలెత్తాను.

నా సంగతి చెప్పాలి కదా. పుట్టిందీ పెరిగిందీ గుంటూరు జిల్లాలో. బీటెక్ కూడా అక్కడే. 2005లో ఉద్యోగం బెంగుళూరు తీసుకెళ్ళింది. పద్ధెనిమిదేళ్ళున్నాం. అమ్మాయి అక్కడే పుట్టింది, పదో తరగతి దాకా అక్కడే చదివింది. అమ్మానాన్నా పెద్దవాళ్ళయ్యారు, తమ్ముడి దగ్గర హైదరాబాదులో ఉంటున్నారు. 2023లో మా కంపెనీ హైదరాబాదు ఆఫీసులో ఖాళీ ఉందంటే ఎగిరి గంతేసి వచ్చేశాం. స్కూలెక్కడ, ఇల్లెక్కడ, ఆఫీసుకి ఎంత దూరం, ట్రాఫిక్ ఎలా ఉంటుంది, అన్నీ ఎక్సెల్ షీటులో వేసి చూసుకున్న మనిషిని. "లోకల్" అన్న గడి మాత్రం అందులో లేదు.

ఆ సాయంత్రం కూర్చుని రూల్సు చదివాను. ఇరవయ్యేళ్ళుగా వేరేవాళ్ళు రాసిన కోడు చదివి బతుకుతున్నాను కదా, ఇదెంత అనుకున్నాను. చదివాక తెలిసింది ఇదెంతో.

లోకల్ అంటే ఏమిటో ముందు సూక్ష్మంగా చెప్తాను. ఇంటర్ పరీక్ష రాసిన యేడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్ళు ఒకే లోకల్ ఏరియాలో చదివుండాలి. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. అది కుదరకపోతే ఏడేళ్ళ లెక్క. ఆరు నుంచి ఇంటర్ దాకా ఏడేళ్ళూ రాష్ట్రంలోనే చదివుంటే, అందులో ఎక్కువ కాలం ఏ ఏరియాలో చదివితే అక్కడ లోకల్. కన్వీనర్ కోటా సీట్లలో 85 శాతం ఈ లోకల్ పిల్లలకి. మిగతా 15 శాతం అన్‌రిజర్వ్‌డ్. దానికి లోకల్ పిల్లలూ పోటీ పడొచ్చు, ఇంకొందరూ పడొచ్చు. ఆ ఇంకొందరు ఎవరంటే, రాష్ట్రంలో మొత్తమ్మీద పదేళ్ళు నివాసం ఉన్నవాళ్ళు, తల్లో తండ్రో పదేళ్ళు ఉన్నవాళ్ళు, ప్రభుత్వోద్యోగుల పిల్లలు వగైరా.

మనం ఎక్కడ పుట్టాం, ఇంట్లో ఏ భాష మాట్లాడతాం, తాతగారిది ఏ ఊరు, ఇవేవీ అడగరు. ఆ పిల్ల ఏ బెంచీ మీద కూర్చుని చదువుకుందో అడుగుతారు. అంతే.

ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో వంద సీట్లున్నాయనుకోండి. 30 మేనేజ్‌మెంటు కోటా. మిగిలిన 70 కన్వీనర్ కోటా. ఆ 70లో 85 శాతం అంటే దాదాపు 60 లోకల్ పిల్లలకి. మిగిలేవి పది, మహా అయితే పదకొండు. వాటికి అందరూ పోటీ.

2024 దాకా ఆ పదింటికైనా మా అమ్మాయి అర్హురాలే. నేను ఉమ్మడి రాష్ట్రంలో ఇరవయ్యేళ్ళు పైన బతికినవాణ్ణి కదా, తండ్రి పదేళ్ళ నివాసం కింద సరిపోయేది. రాష్ట్ర విభజన చట్టంలో 95వ సెక్షన్ అని ఒకటుంది. పాత అడ్మిషన్ల పద్ధతి రెండు రాష్ట్రాల్లోనూ పదేళ్ళు కొనసాగాలని. ఆ పదేళ్ళు 2024 జూన్ 2తో అయిపోయాయి. 2025 ఫిబ్రవరి ఆఖర్లో తెలంగాణ ప్రభుత్వం కొత్త జీవో ఇచ్చింది. ఇక నుంచి ఆ 15 శాతానికి లెక్కలోకొచ్చేది తెలంగాణలో నివాసం మాత్రమే. అప్పటికి నేను తెలంగాణలో ఉంటున్నది రెండేళ్ళు కూడా నిండలేదు. సో, 70 సీట్లలో మా అమ్మాయికి తెరిచున్నవి సున్నా.

సరే, మరి ఎక్కడ ఉన్నట్టు? టెస్ట్ కేసులు రాసినట్టు వరసగా రాసుకున్నాను.

1. తెలంగాణ కన్వీనర్ కోటా: లోకల్ కాదు. 15 శాతంలోనూ లేదు.
2. ఆంధ్రప్రదేశ్: లోకల్ కాదు. కానీ నా పదేళ్ళ నివాసం వల్ల 15 శాతంలో పోటీ పడొచ్చు.
3. ఎన్‌ఐటీలు: వాటిల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్ళకి. సొంత రాష్ట్రం అంటే ఇంటర్ ఎక్కడ పాసైతే అది. కాబట్టి వరంగల్ ఎన్‌ఐటీకి మా అమ్మాయి పక్కా తెలంగాణ పిల్ల.
4. కర్ణాటక: ఒకటి నుంచి పన్నెండు లోపు ఏడేళ్ళు అక్కడ చదివి, పదో తరగతి గానీ పన్నెండు గానీ అక్కడ పాసయ్యుంటే చాలు. కాబట్టి అక్కడ కర్ణాటక పిల్ల.
5. ఐఐటీలు: రాష్ట్రంతో పని లేదు. ర్యాంకుతోనే పని. (ఆ ర్యాంకు సంగతి వదిలేయండి.)

ఒకే పిల్ల. ఒకే యేడాది. వరంగల్లో తెలంగాణ అమ్మాయి, ఇంటి పక్క కాలేజీలో పరాయి పిల్ల, విడిచిపెట్టి వచ్చిన ఊళ్ళో సొంత మనిషి.

మొదటి రెండ్రోజులు నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఇదేం అన్యాయం, ప్రతిభకి విలువ లేదా, పన్నులు కడుతున్నాం కదా, ఇవే మాటలు. మా ఆవిడ వింటూ వింటూ ఒక మాటంది. "ఇంజనీరింగ్ చదివేప్పుడు మీరు లోకలే కదా. అప్పుడీ మాటలు అన్లేదే?"

నిజమే. 85 శాతంలోనే నాకు సీటొచ్చింది. హైదరాబాదులో నాకన్నా మంచి ర్యాంకు వచ్చి, మా కాలేజీలో సీటు దొరక్కుండా పోయినవాడు ఎవడో ఒకడు ఉండే ఉంటాడు. వాడి సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. కాలేజీ రోజుల్లో రిజర్వేషన్ల మీద హాస్టల్లో తెల్లార్లూ వాదించేవాణ్ణి. ఆఫీసు క్యాంటీన్లోనూ వాదించాను. నేను కూర్చున్న సీటు కూడా ఒక రిజర్వేషన్ సీటే అని మాత్రం తట్టలేదు. మనకి వస్తే అది "లోకల్", పక్కవాడికి వస్తే "కోటా". మన ఐటీ వాళ్ళలో చాలామందిది ఇదే లెక్క అని నా అనుమానం. కోపగించుకోకండి, నన్ను కలుపుకునే అంటున్నాను.

ఇంకో సంగతి. ఈ లోకల్ రూలు ఎవరో సరదాకి పెట్టింది కాదు. నైజాం కాలం నుంచీ ముల్కీ నిబంధనల గొడవ ఉంది. 1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయనడం, వెంటనే జై ఆంధ్ర ఉద్యమం. రెండు వైపులా ప్రాణాలు పోయాయి. అప్పుడు 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాన్ని అమలు చెయ్యడానికి రాజ్యాంగాన్ని సవరించి 371-డి చేర్చారు. దాని కింద 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర అని మూడు లోకల్ ఏరియాలు, 85 శాతం లెక్కా అక్కణ్ణుంచి వచ్చినవే. మహబూబ్‌నగర్‌లోనో అనంతపురంలోనో సర్కారు బడిలో చదివిన పిల్లాడు విజయవాడ కార్పొరేటు కాలేజీలో రుబ్బించుకున్నవాడితో నేరుగా పోటీ పడక్కర్లేకుండా చేసింది ఆ రూలే. దాన్ని తీసెయ్యమని నేనడగను. అడిగే మొహం నాకు లేదు.

పైగా నేను బెంగుళూరు వెళ్ళింది ఎవరో తరిమితే కాదు, జీతం కోసం. తిరిగొచ్చిందీ నా ఇష్టం మీదే. ప్రభుత్వోద్యోగుల పిల్లలకి మినహాయింపు ఉంది, ప్రైవేటు వాళ్ళకెందుకు ఉండదు అని మా ఆఫీసులో ఒకాయన గట్టిగా వాదిస్తాడు. బదిలీ ఆర్డరు చేతిలో పెడితే వెళ్ళక తప్పనివాడూ, నలభై శాతం హైక్ వస్తే వెళ్ళేవాడూ ఒకటి కాదని నేనంటాను.

ఇళ్ళు మారడం వల్ల నిజంగా నష్టపోయినవాళ్ళు వేరే ఉన్నారు. తెనాలిలో పుట్టిన ఒక కుర్రాడు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళది షెడ్యూల్డు తెగ. తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే బొంబాయి వెళ్ళాడు, అక్కడే చదివాడు. మెడిసిన్‌కి దరఖాస్తు చేస్తే, నీది ఆంధ్రాలో తెగ, మహారాష్ట్రలో కాదు పొమ్మన్నారు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 1990లో రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే చెప్పింది, ఒక రాష్ట్రంలో ఉన్న హోదా ఇంకో రాష్ట్రానికి వెంట రాదని. ఇప్పటికీ చట్టం అదే. నా బోటివాడు రాష్ట్రం మారితే లోకల్ హోదా ఒక్కటే పోతుంది. దళిత కుటుంబమో గిరిజన కుటుంబమో మారితే రెండూ పోతాయి. మా టీములోనే అలాంటి కుర్రాడున్నాడు. సొంత రాష్ట్రం వదల్లేక రెండుసార్లు మంచి ఆఫర్లు వదులుకున్నాడు. మేమేమో వాడికి యాంబిషన్ లేదనుకున్నాం.

సరే, రూలు ఉండాలన్నావు, మరి నీ ఏడుపేమిటి అంటారా? అక్కడికే వస్తున్నాను.

ఈ రూలు నాలుగేళ్ళు వెనక్కి చూస్తుంది. ఇవాళ దరఖాస్తు పెట్టే పిల్లని, నాలుగేళ్ళ కింద నువ్వెక్కడున్నావు అని అడుగుతుంది. నాలుగేళ్ళు వెనక్కి చూసే రూలుని, నాలుగేళ్ళు ముందు చెప్పాలా వద్దా?

మా లెక్కే తీసుకోండి. 2021లో మా అమ్మాయి తొమ్మిదిలోకి వచ్చింది. కరోనా రోజులు, ఇంట్లోంచే పని. ఏ ఊళ్ళో ఉంటే ఏం? అప్పుడే హైదరాబాదు వచ్చుంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు కలిసి సరిగ్గా నాలుగేళ్ళయ్యేవి. ఆ పిల్ల లోకల్ అయ్యేది. "పర్లేదులే, పదయ్యాక వెళ్దాం, ఎలాగూ 15 శాతం ఉంటుంది" అని అనుకోడానికి కూడా అప్పటికి ఆధారం ఉంది. 2024లో ఆ అవకాశం ఉంది. 2025 ఫిబ్రవరి చివర్లో అది పోయింది. మార్చిలో దరఖాస్తులు. ఒక్క వారం కూడా తేడా లేదు. తండ్రిగా నేను రూల్సు చదువుకోకపోవడం నా తప్పే, కాదనను. కానీ చదువుకున్నవాడికి కూడా ఏం ఒరిగేది?

పదేళ్ళ గడువు తీరిపోతోందని 2014 నుంచీ అందరికీ తెలుసు కదా అంటారేమో. గడువు తీరుతుందని తెలుసు. తీరాక ఏం వస్తుందో తెలీదు. ఆ రెండూ వేరు. "2025 నుంచి ఇలా ఉంటుంది" అని 2021లోనే చెప్పి ఉంటే ఎవరికీ పేచీ లేదు. చెప్పకుండా ఆపింది ఎవరు?

మెడిసిన్ వాళ్ళ పరిస్థితి ఇంకా ఘోరం. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం జీవో 33 తెచ్చింది. నాలుగేళ్ళు తెలంగాణలో చదివి, ఇంటర్ ఇక్కడే పాసైతేనే లోకల్ అని. అప్పటికి నీట్ పరీక్ష రాసేశారు, మార్కులూ వచ్చేశాయి. పదో తరగతి దాకా వరంగల్లోనో ఖమ్మంలోనో చదివి, ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో చేరిన తెలంగాణ పిల్లలు ఎంతమంది! వాళ్ళు ఒక్కసారిగా సొంత రాష్ట్రంలో నాన్‌లోకల్ అయిపోయారు. హైకోర్టుకి వెళ్ళారు, అక్కడ కొంత ఊరట దొరికింది. సుప్రీంకోర్టులో ప్రభుత్వం కోర్టుకెక్కిన విద్యార్థుల వరకు ఆ ఒక్క యేడాదికి ఒప్పుకుంది. కోర్టుకెక్కలేనివాళ్ళ సంగతి ఎవరూ అడగలేదు. చివరికి 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, ఆ రూలు పెట్టే అధికారం రాష్ట్రానికి ఉందని తేల్చేసింది.

అధికారం ఉంది, ఒప్పుకుంటాను. ఉండాలి కూడా. రాష్ట్రం డబ్బుతో నడిచే కాలేజీల్లో చదివే డాక్టర్లు రాష్ట్రంలో ఉండాలనుకోవడం తప్పు కాదు. కానీ పదిహేనేళ్ళ వయసులో విజయవాడ హాస్టల్లో చేరిన పిల్లకి, ఆ చేరడం వల్ల సొంతూళ్ళో సీటు పోతుందని ఆ రోజు ఎవరూ చెప్పలేదు. అది తెలిసి తీసుకున్న నిర్ణయం కాదు. తెలియని నిర్ణయానికి శిక్ష వెయ్యడం ఏం న్యాయం?

ఇదే చిక్కు ఇంకో చోట వస్తే ఏమైందో చూడండి. ఇది మన ఐటీ వాళ్ళకి బాగా దగ్గరి కథ.

ఓసీఐ కార్డులు మొదటిసారి ఇచ్చింది మన హైదరాబాదులోనే, 2006 జనవరి ప్రవాసీ భారతీయ దివస్‌లో. అమెరికాలో పిల్లల్ని కని తిరిగొచ్చేసిన మనవాళ్ళు వేలమంది. ఆ పిల్లలు ఎల్‌కేజీ నుంచి ఇక్కడే చదివారు, మన పిల్లల్లాగే జేఈఈ కోచింగులకి తిరిగారు. 2021 మార్చి 4న కేంద్ర హోం శాఖ నోటిఫికేషన్ ఇచ్చింది. నీట్, జేఈఈ లాంటివి రాయొచ్చు, కానీ ఎన్.ఆర్.ఐ. సీట్లకో అదనపు సీట్లకో మాత్రమే అర్హులు, భారత పౌరులకి ఉద్దేశించిన సీట్లు దక్కవు అని. పన్నెండేళ్ళు ఇక్కడ చదివిన పిల్లలు రాత్రికి రాత్రి ఎన్.ఆర్.ఐ.లు. నా పాత కొలీగు ఒకతను న్యూజెర్సీ నుంచి వచ్చేసి పదేళ్ళయింది. కొడుకుని పక్కన పెట్టుకుని ఆ నోటిఫికేషన్ చదువుతూ, "వీడు అమెరికా వెళ్తే ఇండియన్ అంటారు, ఇక్కడేమో అమెరికన్ అంటున్నారు" అన్నాడు.

వాళ్ళు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2023 ఫిబ్రవరి 3న తీర్పొచ్చింది. ప్రభుత్వానికి అలాంటి రూలు పెట్టే అధికారం ఉంది, కానీ అది 2021 మార్చి 4 తర్వాత ఓసీఐ కార్డు తీసుకున్నవాళ్ళకే వర్తిస్తుంది, అంతకు ముందే తీసుకున్నవాళ్ళకి పాత హక్కులు ఉంటాయని. నాకు ఇందులో నచ్చింది ఏమిటంటే, కోర్టు రూలుని కొట్టెయ్యలేదు. గీత ఎక్కడ గియ్యాలో చెప్పింది, అంతే. రూలు తెలిసి కార్డు తీసుకున్నవాళ్ళు ఒకవైపు, తెలియకముందు తీసుకున్నవాళ్ళు ఒకవైపు. ఇవాళ జేఈఈ అడ్వాన్స్‌డ్ నిబంధనల్లో కూడా ఆ తేదీయే గీత.

లోకల్ రూలుకి కూడా అదే గీత గియ్యమంటాను. పిల్ల తొమ్మిదో తరగతిలో చేరిన రోజున ఏ రూలు ఉందో, ఇంటర్ అయ్యాక ఆ పిల్లకి అదే రూలు. ప్రభుత్వం ఇవాళ ఎంత కఠినమైన రూలైనా పెట్టుకోవచ్చు, కానీ ఇవాళ తొమ్మిదిలో ఉన్న పిల్లలతో మొదలుపెట్టాలి. మన పనిలో మనం చేసేది అదే కదా. పాత వెర్షను వాడుతున్నవాళ్ళు ఉండగా ఇంటర్‌ఫేసు మార్చాలంటే, ముందు నోటీసిచ్చి, కొన్నాళ్ళు రెండూ నడిపి, అప్పుడు పాతది ఆపుతాం. చెప్పకుండా శుక్రవారం సాయంత్రం మార్చేసి పోతే మేనేజరు చీవాట్లు పెడతాడు. పిల్లల చదువుల విషయంలో ఆ మాత్రం మర్యాద అక్కర్లేదా?

రూలు ఇలా ఆఖరి నిమిషంలో మారితే ఇంకో నష్టం ఉంది. నిజాయితీగా ఉందామనుకున్నవాణ్ణి కూడా పక్కదారి చూసేలా చేస్తుంది. నన్ను చేసింది.

మార్చి నెలంతా సలహాలే సలహాలు. ఒకాయన, "మీ బావమరిది డాలస్‌లో ఉన్నాడు కదండీ, స్పాన్సరు చేస్తున్నట్టు లెటరు రాయించండి, ఎన్.ఆర్.ఐ. కోటాలో పడేద్దాం" అన్నాడు. ఆ మేనేజ్‌మెంటు ముప్ఫైలో సగం ఎన్.ఆర్.ఐ. కోటాయే. యేడాదికి 5000 డాలర్ల దాకా ఫీజు. అసలు ఎన్.ఆర్.ఐ. కోటా ఉన్నది నిజమైన ఎన్.ఆర్.ఐ.ల పిల్లలకే అని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. 2024 సెప్టెంబరులో పంజాబ్ ప్రభుత్వం మేనమామలు, మేనత్తలు అందర్నీ ఎన్.ఆర్.ఐ. లెక్కలో కలపబోతే అది మోసమని తిట్టి పంపింది. ఇవన్నీ చదివిన తర్వాత కూడా నేను బావమరిదికి ఫోన్ చేశాను. దాచడం ఎందుకు? వాడు "దాందేవుంది బావా, పంపిస్తాను" అన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర అమ్మాయికి చెప్పాను.

"ఫీజు మామయ్య కడతాడా?"

"లేదమ్మా, మనమే కడతాం. పేరు ఆయనది."

"మరి మామయ్య కడుతున్నట్టు రాయడం దేనికి?"

నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడ పెరుగు వడ్డిస్తూ నా వైపు చూడను కూడా చూడలేదు. ఆ లెటరు సంగతి అంతటితో ఆగిపోయింది. దాన్ని ఆపింది నేను కాదు, అది గుర్తుపెట్టుకోవాలనే ఇక్కడ రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ 15 శాతం కోసం పదేళ్ళ నివాసం సర్టిఫికెట్ తేవడానికి మా మండలం ఆఫీసుకి వెళ్ళాను. ఇల్లు అమ్మేసి చాలా యేళ్ళయింది. ఆధార్‌లో హైదరాబాదు, ఓటు బెంగుళూరులో. అక్కడ కూర్చున్నాయన కాగితాలన్నీ తిరగేసి, "మీరు ఇక్కడున్నట్టు ఏం లేదండీ" అన్నాడు. తప్పు ఆయనది కాదు. కాగితంలో నేను నిజంగానే లేను. చివరికి మా హైస్కూలుకి వెళ్తే హెడ్మాస్టరుగారు పాత రిజిస్టరు తీయించారు. ఆరు నుంచి పది దాకా నా పేరు, మా నాన్న పేరు, ఊరి పేరు నీలం సిరాతో ఉన్నాయి. దాంతోనూ, ఇంటర్, బీటెక్ సర్టిఫికెట్లతోనూ పని జరిగింది.

ఇంతకీ మా అమ్మాయి ఎక్కడ చేరిందంటారా? బెంగుళూరులో. ఫిబ్రవరిలో మా పాత పక్కింటావిడ మా ఆవిడతో ఫోన్లో మాట్లాడుతూ, వాళ్ళబ్బాయికి కర్ణాటక సీఈటీ ఫారం నింపామని చెప్పింది. ఎందుకైనా మంచిదని అప్పుడే మేమూ నింపాం. అదృష్టం, అంతే. ఇప్పుడక్కడ హాస్టల్లో ఉంటోంది. తాతయ్య, నానమ్మల దగ్గర పెరగాలని ఊరు మారాం. ఆ పిల్ల రెండేళ్ళుండి మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయింది. సీటు దొరికింది కాబట్టి ఇది పెద్ద విషాదమేం కాదు. కానీ ఆ ఫోన్ కాల్ రాకపోతే? బెంగుళూరులో కాకుండా ఇంకో రాష్ట్రంలో, ఇంకో లెక్కలో ఉండుంటే? ఎక్కడా లోకల్ కాని పిల్లలు ఉన్నారు. మూడేళ్ళకో ఊరు మారే ప్రైవేటు ఉద్యోగుల ఇళ్ళల్లో, మేస్త్రీ పనులకి వలసపోయే ఇళ్ళల్లో. మొదటి రకం వాళ్ళు డబ్బు పెట్టి మేనేజ్‌మెంటు సీటు కొంటారు. రెండో రకం వాళ్ళు ఏం చేస్తారు? ఏ ఇఫ్‌లోనూ పడని కేసుకి ఒక ఎల్స్ రాయాలని మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా చెప్తాం. ఈ దేశంలో పన్నెండేళ్ళు చదివిన ప్రతి పిల్లకీ, తక్కువలో తక్కువ ఒక్క రాష్ట్రమైనా నువ్వు మా పిల్లవే అనాలి.

ఈలోగా మీ ఇంట్లో ఏడో ఎనిమిదో చదివే పిల్లలుంటే, ట్రాన్స్‌ఫరు గురించో తిరిగి రావడం గురించో ఆలోచిస్తుంటే, నా మాట విని ఈ నాలుగు పనులు చెయ్యండి. ఆరో తరగతి నుంచి ప్రతి స్కూలు నుంచీ స్టడీ సర్టిఫికెట్ అప్పటికప్పుడే తీసుకోండి, తర్వాత తిరగలేరు. మారితే తొమ్మిదో తరగతి మొదలయ్యే లోపు మారండి, లేకపోతే ఇంటర్ అయ్యేదాకా ఆగండి. వదిలి వచ్చిన రాష్ట్రం రూల్సు కూడా చదవండి, అక్కడ మీ పిల్లకి తలుపు తెరిచే ఉండొచ్చు. ఓసీఐ పిల్లలున్నవాళ్ళు కార్డు మీద తేదీ చూసుకోండి.

ఆఫీసులో ఎవరైనా రిజర్వేషన్ల గురించి గొంతు పెంచితే, "మీరు చదివింది లోకల్ సీటా, నాన్‌లోకల్ సీటా?" అని మాత్రం ఒకసారి అడగండి. నన్నెవరూ అడగలేదు. అడిగుంటే బాగుండేది.